గుర్రం ప్యానింగ్ షాట్: వెనక చారలు బాగున్నాయి, గుర్రమే తేలడం లేదు

కెమెరా_కోటి
మలక్‌పేట రేసుకోర్సులో తీసిన ప్యానింగ్ ఫోటో (పరుగెత్తే గుర్రం వెంట కెమెరాను తిప్పుతూ తీసేది) ఒకటి పెట్టాను, చూసి చెప్పండి. నికాన్ డీ7500, 70-300 లెన్సు 150 ఎంఎం దగ్గర, షట్టర్ 1/40 సెకను, అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/22, ఐఎస్ఓ 100. మిట్టమధ్యాహ్నం ఎండ. గుర్రానికీ నాకూ మధ్య పాతిక మీటర్లు. వెనక చెట్లు, హోర్డింగులు చక్కగా చారలయ్యాయి. కానీ గుర్రం తల, జాకీ మొహం రెండూ మెత్తగా ఉన్నాయి. పైన ఆకాశంలో నల్లచుక్కలు. ముందున్న తెల్ల రెయిలింగు సరిగ్గా కాళ్ళకు అడ్డం పడింది. షార్ప్‌నెస్ పెంచితే ఇంకా వికారంగా తయారవుతోంది. షట్టర్ పెంచాలా, లెన్సు మార్చాలా, లేక ఎడిటింగులో బాగు చేయొచ్చా?

పిక్సెల్_పద్మ
1/125 పెట్టండి, అయిపోతుంది.

రౌతు_రాజు
అయిపోతుంది కానీ ఫోటో కూడా అయిపోతుంది పద్మ గారూ. రేసు గుర్రం గంటకు 60 కిలోమీటర్లు అనుకుంటే సెకనుకు 16.7 మీటర్లు. కోటి నిలబడ్డ దూరానికి, ఆ లెన్సుకు లెక్కేస్తే 1/40లో వెనక చార ఫ్రేము వెడల్పులో తొమ్మిదో వంతు ఉంటుంది. 1/125లో ముప్ఫయ్యో వంతుకు పడిపోతుంది. అప్పుడది వేగంలా కనపడదు, వెనక ఫోకస్ తప్పినట్టు కనపడుతుంది. కాళ్ళు కూడా అటూ ఇటూ కాకుండా సగం గడ్డకట్టినట్టు ఉంటాయి. 1/60 వరకు పెంచితే ఒప్పుకుంటా, అంతకు మించి వద్దు.

బూతద్దం_భాను
షట్టర్ మార్చే ముందు తప్పు ఎక్కడుందో ఆ ఫోటోనే అడగాలి. కోటీ, 100 శాతం జూమ్ చేసి మెరిసే చుక్కలు వెతుకు: జాకీ కళ్ళద్దాల మీది మెరుపు, కళ్ళెం కడియం, రికాబు, పట్టీ బకిల్. మామూలుగా చుక్కలా ఉండాల్సిన మెరుపు ఏ ఆకారంలో సాగిందో అదే నీ కెమెరా ఆ క్షణంలో చేసిన తప్పు.

అడ్డంగా గీత సాగితే ప్యాన్ వేగం గుర్రం వేగంతో కలవలేదు. నిలువుగా సాగితే చెయ్యి కుదిపావు, లేదా ఆ భాగమే పైకీ కిందికీ ఊగుతోంది. కొక్కెంలా వంకర తిరిగితే బటన్ నొక్కడంలో కుదుపు, లేదా స్టెబిలైజేషన్ (చేతి కుదుపును సరిచేసే లెన్సు ఏర్పాటు) నీతో కొట్లాడుతోంది. ఏ వైపూ సాగకుండా గుండ్రంగా ఉబ్బితే అది ఫోకస్ తప్పు, కదలికతో సంబంధం లేదు.

ఒక జాగ్రత్త. పగ్గాలు, గుర్రం వీపు గీత చూసి షార్ప్‌గా ఉందని మోసపోవద్దు. అవి అడ్డంగా ఉండే గీతలు, అడ్డంగా సాగినా తేడా తెలీదు. నిలువు అంచులు చూడాలి: జాకీ ముక్కు, గుర్రం నుదురు, నంబరు గుడ్డ మీది '1' అంకె.

తల దగ్గర ఎంత సాగింది, నంబరు గుడ్డ దగ్గర ఎంత, తోక దగ్గర ఎంత? మూడూ విడివిడిగా చెప్పు.

కెమెరా_కోటి
చూశాను. కళ్ళెం కడియం అడ్డగీత, దాదాపు 20 పిక్సెళ్ళు. నంబరు గుడ్డ దగ్గర పది పన్నెండు. తోక మొదట్లో దాదాపు లేదు. జాకీ కళ్ళద్దాల మెరుపు అడ్డంగా సాగి చివర్లో కొంచెం కిందికి వంగింది. గుర్రం ఇంకా నా ఎదుటికి రాకముందే తీసిన ఫ్రేము ఇది, కొంచెం ముందువైపు నుంచి కనపడుతుంది.

బూతద్దం_భాను
అయితే దొరికింది. నీ ప్యాన్ తోక వేగానికి సరిపోయింది, ముక్కు వేగానికి చాలలేదు. ఒకే గుర్రానికి రెండు వేగాలేంటి అనుకోవద్దు. నేల మీద వేగం ఒకటే, నీ కంటికి అది తిరిగే కోణం వేరు. ఏటవాలుగా వస్తున్న గుర్రంలో ముక్కు నీ ఎదుటి బిందువుకు దగ్గర, తోక దూరం. దగ్గరున్నది ఎక్కువ కోణం తిరుగుతుంది.

లెక్క చూడు. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (నీదానికంటే పెద్ద సెన్సర్), 300 ఎంఎం లెన్సు, 30 మీటర్ల దూరం, 1/30 షట్టర్ అనుకుందాం. గుర్రం సరిగ్గా ఎదుట ఉన్నప్పుడు నడుముకూ ముక్కుకూ (1.2 మీటర్లు) మధ్య తేడా ఒకటిన్నర పిక్సెల్. కనపడదు. అదే గుర్రం ఎదుటి నుంచి 30 డిగ్రీలు పక్కన ఉంటే తేడా 24 పిక్సెళ్ళు. నువ్వు ఎంత నున్నగా తిప్పినా పోయేది కాదు, ఎక్కడో ఒకచోట మసక ఉండాల్సిందే. కాబట్టి ఎదుటికి వచ్చిన ఫ్రేమే ఎంచుకోవాలి. బరస్ట్ (ఆపకుండా వరసగా ఫ్రేములు) తీసి ఉంటే తరువాతి ఫ్రేములు చూశావా?

పిక్సెల్_పద్మ
ఈ 30 డిగ్రీల సంగతి నాకు కొత్త. మరి రెయిలింగుకు ఆనుకుని వైడ్‌గా తీస్తే గుర్రం పెద్దగా, ధాటిగా వస్తుంది కదా, అందరూ అదే చెబుతారు?

బూతద్దం_భాను
దగ్గరికి వెళ్తే ఇంకా కష్టం. 8 మీటర్ల నుంచి 100 ఎంఎంతో తీస్తే సరిగ్గా ఎదుట ఉన్నా ముక్కు దగ్గర 26 పిక్సెళ్ళు సాగుతుంది (మిగతా లెక్కంతా పైదే). జాకీ ఒక్కడు షార్ప్‌గా ఉండి తలా తోకా కరిగిపోయే ఫోటో కావాలంటే దగ్గరికి వెళ్ళు, అదీ ఒక అందమే. గుర్రం మొత్తం తేలాలంటే వెనక్కి జరిగి పొడుగు లెన్సు వాడాలి.

ధూల్‌పేట_అన్వర్
అన్నా, గా నల్లచుక్కల ముచ్చట ఎవ్వరు జెప్తలేరు. అది సెన్సర్ మీద దుమ్ము. ఎఫ్/22ల పెడితే ప్రతి రేణువు నీడ పడ్తది. ప్యానింగుల ఆకాశం, చెట్లు అన్నీ సాఫుగ సాగుతయి గని దుమ్ము కెమెరాతోనే తిరుగుతది, అందుకే ఇంక కొట్టొచ్చినట్టు కనవడ్తది. ఎఫ్/22ల డిఫ్రాక్షన్ గూడ ఉంటది, సన్న రంధ్రంలకెళ్ళి వెలుతురు చెదిరి బొమ్మ మెత్తగైతది, గంత చిన్న సెన్సర్ మీద గుర్రం వెంట్రుక ఎన్నడు తేలదు.

ఎన్‌డీ8 ఫిల్టర్ పెట్టు, లెన్సు ముందట పెట్టే నల్ల అద్దం అది. మూడు స్టాపులు కోస్తది, ఒక్కో స్టాపుకు వెలుతురు సగమైతది. గదే 1/40, గదే ఐఎస్ఓ 100, ఎఫ్/22 కాస్త ఎఫ్/8 అయితది. సగం దరిద్రం ఆడనే పోతది. మబ్బు పట్టిన రోజైతే ఫిల్టరే అక్కర్లే, 1/60కి ఎఫ్/8 అట్లనే వస్తది. వానకాలం సీజన్ల పోయి తియ్యి.

లెన్సు_లలిత
ఎన్‌డీకి బదులు పోలరైజర్ (మెరుపులు తగ్గించే ఫిల్టర్) వాడితే? అదీ ఒకటిన్నర స్టాపు తగ్గిస్తుంది, ఇంట్లో ఉన్నదే కదా.

ధూల్‌పేట_అన్వర్
వద్దక్కా. గుర్రం ఒంటి మీద మెరుపుంటది చూడు, దాంతోనే కండలు కనవడ్తయి. పోలరైజర్ గా మెరుపును తినేస్తది, గుర్రం బొమ్మ లెక్క చప్పగ అయితది. భాను అన్న చెప్పిన కళ్ళద్దాల మెరుపు గూడ పోవచ్చు.

డాలస్_కిరణ్
కళ్ళద్దాల మెరుపు చివర్లో కిందికి వంగింది అన్నారు కదా, అది బటన్ కుదుపే కావచ్చు. షట్టర్‌ను పొడవకూడదు. వేలి మెత్తటి భాగాన్ని బటన్ మీద ముందే ఆనించి ఉంచాలి, సగం నొక్కి గుర్రాన్ని కనీసం ఒక సెకను వెంబడించాలి, తిప్పుతూనే మిగతా సగం నొక్కాలి, బరస్ట్ అయిపోయాక కూడా అరసెకను తిప్పుతూనే ఉండాలి. నొక్కగానే ఆపేసేవాళ్ళకు చివరి రెండు ఫ్రేములూ ఎప్పుడూ పోతాయి.

నిలబడే తీరు ఇంకా ముఖ్యం. పాదాలు గుర్రం ఎదుటికొచ్చే చోటు వైపు ఉండాలి. నడుము నుంచి పైభాగం మాత్రమే గుర్రం వచ్చే వైపు మెలి తిప్పి, అక్కడి నుంచి విప్పుకుంటూ రావాలి. అప్పుడు సరిగ్గా నొక్కాల్సిన చోట ఒళ్ళు ఏ బిగువూ లేకుండా ఉంటుంది. చాలామంది పాదాలు గుర్రం వచ్చే వైపే పెడతారు. అందుకే వాళ్ళకు ఎదుటికి రాకముందు ఫ్రేములు నున్నగా, ఎదుటికొచ్చాక కుదుపుగా వస్తాయి.

పాతిక మీటర్ల దగ్గర ఈ వేగానికి కెమెరా సెకనుకు దాదాపు 38 డిగ్రీలు తిరగాలి. చేతులతో అయ్యే పని కాదు, నడుముతోనే. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఎడమ అరచెయ్యి లెన్సు కింద పెట్టండి. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) ఉంటే నిలువు కదలిక చాలావరకు పోతుంది.

రౌతు_రాజు
కిరణ్ చెప్పినదానికి ఒకటి కలుపుతా. వ్యూఫైండర్‌లో గుర్రం మొత్తాన్ని చూడకు. ఏదో ఒక ఫోకస్ పాయింటును గురిలా పెట్టుకుని, జాకీ టోపీ కిందంచు దాని మీద నుంచి జారకుండా చూడు.

లెన్సు_లలిత
టోపీ ఎందుకు? గుర్రం ఫోటోలో గుర్రం కన్ను షార్ప్‌గా ఉండాలి. కన్ను లేని గుర్రం ఫోటో ఎవరు చూస్తారు?

రౌతు_రాజు
కన్ను తేలాలని నాకూ ఉంటుంది లలితా. కానీ దౌడులో తల స్థిరంగా ఉండదు, ప్రతి అంగకూ ఒకసారి పైకి లేచి కిందికి దిగుతుంది. రేసు వేగంలో సెకనుకు రెండుకు పైగా అంగలు. ఆ తల వెంట కెమెరాను పైకీ కిందికీ ఆడిస్తే ఫ్రేము మొత్తం నిలువుగా సాగుతుంది.

జాకీ అలా కాదు. రికాబులు పొట్టిగా కట్టి, జీను మీద కూర్చోకుండా లేచి ఉంటాడు. గుర్రం వీపు ఊగే ఊపంతా మోకాళ్ళు, చీలమండలు తాగేస్తాయి. ఆ మొత్తంలో అందరికంటే తిన్నగా వెళ్ళేది అతని తలే. అందుకే గురి అక్కడ. ఫోకస్ ఎక్కడ పెట్టాలి అన్నది వేరే ప్రశ్న. గుర్రం ఎదుటికొచ్చినప్పుడు కన్ను, నంబరు గుడ్డ, జాకీ మోకాలు దాదాపు ఒకే దూరంలో ఉంటాయి. కాబట్టి ఫోకస్ నంబరు గుడ్డ మీద పెడితే నలుపు తెలుపు అంకె ఉంటుంది కనుక ఆటోఫోకస్ గట్టిగా పట్టుకుంటుంది. ఏఎఫ్-సీ (కదిలేదాన్ని వెంబడించే ఆటోఫోకస్), తొమ్మిది పాయింట్ల డైనమిక్ ఏరియా, చాలు.

ఇక కన్ను. తల పైకెళ్ళి ఆగే క్షణం ఒకటి, కిందికొచ్చి ఆగే క్షణం ఒకటి, అంగకు రెండు. సెకనుకు ఎనిమిది ఫ్రేముల బరస్ట్‌లో ఒకటో రెండో ఫ్రేములు ఆ క్షణం దగ్గర పడతాయి. అక్కడ కన్నూ జాకీ ఇద్దరూ తేలతారు. ఆ ఫ్రేము కోసం ఓపిగ్గా వెతకాలి తప్ప గురి మార్చకూడదు.

లెన్సు_లలిత
ఇది ఒప్పుకుంటున్నా. కానీ రేసు చివరి రెండు వందల మీటర్లలో జాకీ కూడా చేతులు తోస్తూ, కొరడా ఎత్తుతూ ఊగిపోతాడు. అక్కడ నీ టోపీ గురి పనిచేయదు.

రౌతు_రాజు
నిజమే. అందుకే గెలుపు స్తంభం దగ్గర గుమికూడకుండా సూటిదారి మొదట్లో నిలబడాలి. ఇంకా మంచిది పొద్దున ట్రాక్ వర్క్ (గుర్రాల సాధన): గుర్రాలు ఒంటరిగానో జంటగానో వస్తాయి, వేగం తక్కువ, వెలుతురు మెత్తన, ఒకదాని వెనక ఒకటి అడ్డం రావు. క్లబ్బు అనుమతి ముందే అడిగి పెట్టుకోవాలి. ఎక్కడైనా సరే ఫ్లాష్ మాత్రం వద్దు. గుర్రం బెదిరితే పైన మనిషి ఉన్నాడు.

పిక్సెల్_పద్మ
స్టెబిలైజేషన్ ఆపేస్తేనే మంచిదని విన్నాను. కోటి గారి కొక్కెం వంపు దాని పనే అయ్యుండొచ్చు కదా?

డాలస్_కిరణ్
కావచ్చు, కానీ గుడ్డిగా ఆపేయకండి. నికాన్‌లో స్టెబిలైజేషన్‌ను వీఆర్ అంటారు; 'నార్మల్' వీఆర్ మీరు ప్యాన్ చేస్తున్నారని గుర్తుపట్టి నిలువు కుదుపును మాత్రమే సరిచేస్తుంది. 'యాక్టివ్' కదిలే బండిలోంచి తీసేటప్పటిది, దాన్ని వాడొద్దు. కానన్, సోనీ పొడుగు లెన్సుల్లో మోడ్ 2 ఇందుకే. ప్యానింగును గుర్తుపట్టని పాత లెన్సయితే ఆపేయడమే మేలు. కోటి గారిది ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300 అయితే లెన్సు మీద స్విచ్ ఉండదు, కెమెరా మెనూలో చూసుకోవాలి. ఏదైనా సగం నొక్కాక కుదురుకోవడానికి కాస్త సమయం కావాలి, పైన ఒక సెకను వెంబడించమన్నది అందుకు కూడా.

ధూల్‌పేట_అన్వర్
రెయిలింగు సంగతి జెప్పుర్రి జర. గా తెల్ల పట్టీ గుర్రం కాళ్ళను నరికినట్టున్నది.

బూతద్దం_భాను
అన్వర్ భాయ్ మంచి చోట పట్టుకున్నాడు. గమనించారా, రెయిలింగు నిలువు గుంజలు కరిగి మాయమయ్యాయి, అడ్డపట్టీ మాత్రం కత్తిలా ఉంది. కారణం: చార అడ్డంగా సాగుతుంది, పట్టీ కూడా అడ్డమే, తన పొడవునే తాను సాగింది. షట్టర్ 1/15 పెట్టినా ఆ పట్టీ పోదు. ఒకటే దారి, ఎత్తు మార్చడం. స్టాండ్ మెట్లు నాలుగెక్కితే పట్టీ డెక్కల కిందికి దిగుతుంది, వెనక పచ్చిక కూడా వస్తుంది. లేదా బాగా కిందికి వంగితే పట్టీ గుర్రం పొట్ట మీదికి వెళ్ళి కాళ్ళు బయటపడతాయి, కానీ నంబరు గుడ్డ పోవచ్చు. నేనైతే మెట్లే ఎక్కుతా.

వెనక ఏముందో కూడా చూసుకోవాలి. కెమెరా ఒకేచోట తిరుగుతుంది కాబట్టి కదలని వస్తువు దగ్గరదైనా దూరానిదైనా ఒకే పొడవు సాగుతుంది. దూరం వల్ల లాభం లేదు, అక్కడ వివరం ఉండాలి. ఉత్త ఆకాశం, ఉత్త పచ్చిక వెనక పెట్టి ఎంత తిప్పినా చార రాదు, గుర్రం నిలబెట్టినట్టుంటుంది. ఆకుల సందుల్లోంచి వెలుతురు పడే చెట్లు, రంగురంగుల జనం, ఇవి బాగుంటాయి. తెల్ల హోర్డింగు ఒకటి జాకీ తల వెనక పడితే టోపీ అంచు తినేస్తుంది.

కెమెరా_కోటి
తరువాతి ఫ్రేములు చూశాను. ఏడోది ఎదుటికొచ్చింది, తల దగ్గర ఆరేడు పిక్సెళ్ళే సాగింది, జాకీ ఇంకా నయం. కానీ ముందు డెక్కలు రెండూ పూర్తిగా కరిగిపోయాయి. ఇది తప్పేనా?

రౌతు_రాజు
అది తప్పు కాదు, అలాగే ఉండాలి. నేలకు ఆనిన డెక్క ఆ క్షణంలో నేలతో పాటు ఆగి ఉంటుంది, కాబట్టి చెట్లలాగే వెనక్కి సాగుతుంది. గాల్లో ముందుకొచ్చే డెక్క ఒంటికంటే వేగంగా కదులుతుంది, అదీ సాగుతుంది. భుజం, ఛాతీ ఒంటితో పాటే వెళ్తాయి కాబట్టి తేలాలి. అక్కడ తేలిందంటే నీ ప్యాన్ బాగుంది. నాలుగు కాళ్ళూ పొట్ట కిందికి ముడుచుకుని గాల్లో ఉన్న క్షణం దొరికితే ఇంకా బాగుంటుంది. 1878లో మైబ్రిడ్జ్ కాలిఫోర్నియాలో వరసగా కెమెరాలు పెట్టి చూపించిన క్షణం అదే. కాళ్ళు చాచి ఉన్నప్పుడు కాదు, ముడిచినప్పుడే గాల్లో ఉంటుంది.

లెన్సు_లలిత
అయితే ఆ ఏడో ఫ్రేమే తీసుకుని ఎడిట్ చేద్దాం కోటీ. వరస ఇది. ముందు దుమ్ముచుక్కలు హీల్ బ్రష్‌తో తీసెయ్యి. తరువాత రెయిలింగు పట్టీ చూసి ఫ్రేము మట్టం సరిచెయ్యి. సూటిదారి అయితే పట్టీ అడ్డంగా రావాలి, మలుపులో గుర్రం లోపలికి వాలడం సహజం, దాన్ని నిటారు చేయొద్దు. ఆ తరువాత క్రాప్: గుర్రం ముక్కు ముందు ఖాళీ తోక వెనక ఖాళీకి రెట్టింపు ఉంచు.

షార్ప్‌నెస్ మొత్తానికి పెంచావు, అందుకే వికారం. చారల్లోని గరుకు లేచి కనపడుతుంది. సబ్జెక్ట్ మాస్క్ చేసి (గుర్రాన్నీ జాకీనీ మాత్రం ఎంచుకుని), అందులోంచి డెక్కలు, తోక చివర తీసేసి, జాకీ మొహం, గుర్రం తల, నంబరు గుడ్డ మీద మాత్రం టెక్స్చర్ 20-25 ఇవ్వు. క్లారిటీ పదికి మించొద్దు. వెనక హోర్డింగు వెలుగు అర స్టాపు తగ్గిస్తే కన్ను జాకీ మీదికి వెళ్తుంది.

ఇంకో మాట, డీ7500 ఫైలు వెడల్పు 5568 పిక్సెళ్ళు. 1600కు తగ్గించి పెడితే ఏడు పిక్సెళ్ళ సాగుడు రెండుకు వస్తుంది, ఎవరికీ కనపడదు. మొదటి ఫ్రేములోని ఇరవై మాత్రం ఆరు దగ్గర మిగులుతుంది, అందుకే అది పనికిరాదు.

పిక్సెల్_పద్మ
ఇంత అవస్థ ఎందుకు? 1/1000లో షార్ప్‌గా తీసి, వెనక మోషన్ బ్లర్ వేస్తే పోలా?

బూతద్దం_భాను
పోదు పద్మా. గుర్రం నీడ గుర్రంతో పాటే కదులుతుంది, అసలు ప్యానింగులో ఒంటి నీడ ఒంటిలాగే తేలి ఉంటుంది. ఎడిటింగులో నేలతో పాటు నీడనూ సాగదీసేస్తారు, అక్కడే దొరికిపోతారు. డెక్కలు గడ్డకట్టి ఉంటాయి, కింద లేచిన మట్టిపెళ్ళలు గాల్లో ఆగి ఉంటాయి, చుట్టూ అంచుకు వెలుతురు వలయం. చేయాల్సి వస్తే ముందు గుర్రాన్ని వేరే లేయరుకు తీసి, వెనక లేయరులో గుర్రం ఉన్న చోటు నింపి, ఆ తరువాతే బ్లర్ వెయ్యాలి. లేకపోతే గుర్రం రంగే వెనక్కి పారి వలయం అవుతుంది. పోటీకి పంపేటట్టయితే నిబంధనలు చదువుకోవాలి, చాలాచోట్ల ఒప్పుకోరు. నాకైతే ప్యానింగు అని పేరు పెట్టి అది చూపించడం నచ్చదు.

డాలస్_కిరణ్
ఏడో ఫ్రేములో సాగుడు కొంచెమే కాబట్టి ఏఐ షార్పెనింగ్ వాడాలనిపిస్తుంది. జాకీ మొహం మీద తక్కువగా వాడితే పరవాలేదు. పగ్గాలు, జూలు మీద వాడొద్దు, లేని పోగులు పుట్టిస్తుంది.

ధూల్‌పేట_అన్వర్
రేసులకు కాకుంట రైడింగ్ స్కూల్ల తీస్తే ఎట్ల? మా తమ్ముడు ఆడ నేర్చుకుంటుండు. ఆడ గుర్రాలు మెల్లగ పోతయి, గదే 1/40 పెడితే చార వస్తలేదు.

రౌతు_రాజు
వేగం తగ్గితే షట్టర్ అదే నిష్పత్తిలో తగ్గాలి అన్వర్. షో జంపింగ్‌లో (అడ్డుకర్రలు దూకించే ఆట) వేగం నిమిషానికి 350 మీటర్లు అనుకో, సెకనుకు 5.8. రేసులో 1/40కి వచ్చిన చార కావాలంటే అదే దూరం నుంచి 1/15 దాకా దిగాలి. ట్రాట్‌లో (దౌడు కంటే నెమ్మది పరుగు) ఇంకా కిందికి, 1/10. అంత నెమ్మదిలో మోనోపాడ్ ఉండాల్సిందే, ఎన్‌డీ8 చాలక ఎన్‌డీ16 పట్టాల్సి రావచ్చు.

ట్రాట్‌లో సంగతి తలకిందులు. గుర్రం తల దాదాపు తిన్నగా పోతుంది, రౌతే లేచి కూర్చుంటూ ఉంటాడు. అక్కడ గురి గుర్రం చెవి మొదలు మీద పెట్టుకో. రౌతు పూర్తిగా లేచి ఆగిన క్షణంలో నొక్కితే ఇద్దరూ తేలతారు. లలిత అడిగిన కన్ను అక్కడ సులువుగా దొరుకుతుంది. దూకేటప్పుడైతే గుర్రం విల్లులా పైకి లేస్తుంది, అడ్డ ప్యాన్ సరిపోదు. 1/60కి పెంచి, దూకుడు మధ్యలో, పైకి వెళ్ళడం ఆగి ఇంకా దిగని చోట ఒక్క ఫ్రేము తియ్యి. అడ్డుకర్రకు సరిగ్గా ఎదురుగా, కొంచెం దూరంగా నిలబడు. కర్ర చివర్లు పట్టే స్తంభాలు ముందుకొచ్చి గుర్రం ఛాతీకి అడ్డం పడకుండా ముందే చూసుకో.

ధూల్‌పేట_అన్వర్
సమజైంది. ఎన్‌డీ16 ఉన్నది, ఆదివారం పొద్దుగాల ట్రాట్‌తోనే షురూ జేస్త.

కెమెరా_కోటి
ఏడో ఫ్రేము లలిత గారు చెప్పిన వరసలో చేసి పెట్టాను, చూడండి. హోర్డింగు వెలుగు అర స్టాపు చాలలేదు, ముప్పావు తగ్గించాను.

లెన్సు_లలిత
చూశాను. జాకీ మొహం బాగా తేలింది. తోక చివర మాస్క్‌లో మిగిలిపోయింది, అక్కడ గరుకు కనపడుతోంది. అది తీసేసి మళ్ళీ పెట్టు.